క్రాస్ రోడ్స్ కబుర్లు: సూపర్ హీరో బరువెంత?

సినిమా పిచ్చి ఉన్నవాడికి అశోక్ నగర్‌లో గది దొరకడమంటే, తిండిపోతుకి వంటింటి పక్కన మంచం వేసినట్టే! గడప దాటి నాలుగడుగులు వేస్తే ఆర్టీసీ క్రాస్ రోడ్స్. సంధ్య, దేవి, సుదర్శన్... ఏ హాల్లో ఏ ఆట వదిలారో జనం అరుపుల్ని బట్టి చెప్పేయొచ్చు. ఇటు తిరిగితే చిక్కడపల్లి లైబ్రరీ, అటు తిరిగితే నారాయణగూడ ఇరానీ చాయ్. ఈ శీర్షికకి సరుకంతా ఆ మూడు వీధుల మధ్యే దొరుకుతుందని మీకు తెలిసిందేగా!

ఈ వారం సరుకు మాత్రం నా నెత్తిమీదే దొరికింది. అంటే మా మేడమీది గదిలో అన్నమాట.

ఆ గదిలో ఓ కుర్రాడుంటాడు. ఊరు వరంగల్ వైపు. చుట్టుపక్కల గదుల్లో అందరూ గ్రూప్స్ పుస్తకాలు ముందేసుకుని తెల్లవారుస్తుంటే, ఇతని కిటికీలోంచి మాత్రం కంప్యూటర్ వెలుగు నీలంగా వీధిలోకి పడుతుంటుంది. ఎప్పుడు పడుకుంటాడో, ఎప్పుడు లేస్తాడో ఆ దేవుడికే తెలియాలి. ఏదో సాఫ్ట్‌వేర్ ఉద్యోగమనుకున్నాను. ఒక సాయంత్రం మెట్లమీద ఎదురుపడి, సెల్‌ఫోన్ తెరమీద నేను ఎప్పుడో రాసిన సమీక్ష చూపించాడు.

"అన్నా, ఈ ముక్క నువ్వే రాసినవా?"

చూశాను. నేనే రాశాను. 'గ్రాఫిక్స్ చూస్తే నవ్వొస్తుంది. హీరో ఎగరలేదు, జాతరలో బెలూన్‌లా తేలాడు' అని. చదివినవాళ్ళు మెచ్చుకుంటే మురిసిపోయిన వాక్యం కూడా అదే!

"ఆ బెలూన్ షాట్ల నేను 19 రాత్రులు పని చేసిన" అన్నాడు.

పాఠక మిత్రులారా, నా మొహం ఎలా అయ్యుంటుందో మీరే ఊహించుకోండి. ఏదో సర్దిచెప్పబోయాను. అతను మాత్రం కోప్పడలేదు. "నువ్వు రాసింది తప్పు కాదన్నా. షాట్ ఖరాబే ఉన్నది. కానీ ఎందుకు ఖరాబైందో తెల్వకుంట రాసినవ్" అన్నాడు.

దెబ్బ అంటే అదీ! తిట్టి ఉంటే హాయిగా మరిచిపోయేవాణ్ణి. ఆ రాత్రే అతన్ని నారాయణగూడకి లాక్కుపోయి రెండు చాయ్‌లూ, నాలుగు ఉస్మానియా బిస్కెట్లూ చెప్పి, "నాకు పాఠం చెప్పు తమ్ముడూ" అని కూర్చున్నాను. చాయ్ తాగి తిరిగి వస్తుండగా చిక్కడపల్లి మెట్రో స్టేషన్ కింద ఆగాడు. పాఠం అక్కడ మొదలైంది.

"ఈ స్తంభం కాడ మన సూపర్ హీరో నిలబడ్డడు అనుకో. బ్రేకులు ఫెయిలైన సిటీ బస్సు మీదికొస్తున్నది. ఒక్క చేత్తో ఆపాలె. 5 సెకన్ల షాట్. ఎట్ల చేస్తవ్?"

"ఏముంది, కంప్యూటర్లో చేసేస్తారు" అన్నాను. మనందరం అనే మాటే కదా!

అతను నవ్వాడు. "కంప్యూటర్ చెయ్యదన్నా. మనం చేస్తం, కంప్యూటర్ల" అన్నాడు.

ఇక వినండి. తెల్లవారుజామున రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు హీరోతో షాట్ తీస్తారట. హీరో లేకుండా అదే రోడ్డు మళ్ళీ తీస్తారు. తర్వాత తళతళలాడే స్టీలు చెంబులాంటి గుండు ఒకటి, బూడిదరంగు గుండు ఒకటి కెమెరా ముందు పట్టుకుని ఫోటోలు తీస్తారు. ఎందుకూ అంటే, మెరిసే గుండులో ఆకాశమూ, మెట్రో వంతెనా, దుకాణాల బోర్డులూ అన్నీ ప్రతిబింబిస్తాయి. వెలుగు ఏ వైపు నుంచి ఎంత వస్తోందో తెలుస్తుంది. రేపు కంప్యూటర్లో పుట్టబోయే బస్సు మీద కూడా సరిగ్గా ఆ వెలుగే పడాలి. స్తంభాల మధ్య దూరం టేపుతో కొలుస్తారు. ఏ లెన్సు వాడారో రాసుకుంటారు. ఆ లెక్కలతో కంప్యూటర్ లోపల ఇంకో కెమెరాని తయారుచేసి, అసలు కెమెరా ఎలా కదిలిందో అలాగే కదిలిస్తారు. ఇది వెంట్రుకవాసి తప్పినా బస్సు రోడ్డుమీద జారుతున్నట్టు కనిపిస్తుంది.

ఆ తర్వాతదే మా కుర్రాడి పని. పేరు రోటో. బస్సు హీరో వెనక నుంచి రావాలంటే హీరోని బొమ్మలోంచి కత్తిరించి విడదీయాలి కదా! సెకనుకి 24 ఫ్రేములు. 5 సెకన్లంటే 120. ప్రతి ఫ్రేములోనూ హీరో ఒంటి చుట్టూ గీత గీయాలి. వేళ్ళు విడివిడిగా, జుట్టు విడిగా, ఎగిరే చొక్కా అంచు విడిగా. చెయ్యి వేగంగా కదిలితే అంచు మసకబారుతుంది. ఆ మసకని కూడా మసకగానే కత్తిరించాలి. "మా అమ్మ అడిగితే కత్తెర పని అని చెప్పిన. టైలర్ దుకాణం అనుకున్నది" అన్నాడు. నవ్వాను గానీ, ఆ రాత్రి నుంచి ఎవరైనా వేగంగా చెయ్యి ఊపితే నా కళ్ళు ఆ అంచు మీదికే పోతున్నాయి!

ఇంతకీ అసలు సంగతి ఇంకా రాలేదు. బస్సు!

"కొత్త బస్సు చేస్తే ఎవ్వడూ నమ్మడు" అన్నాడు. మన సిటీ బస్సుని ఒకసారి కళ్ళముందు తెచ్చుకోండి. పక్కల గీతలు, కిటికీల కింద ఎండిన ఉమ్మి చారలు, సగం చిరిగిన పోస్టరు, వెనక భాగాన పొగ మసి, ఒకవైపు కాస్త ఒరిగిన నడక. ఆ మురికంతా ఎవరో ఒకరు కూర్చుని చేత్తో పూయాలి. శుభ్రమైన బస్సు చెయ్యడం సులువు, మాసిన బస్సు చెయ్యడమే కష్టం! హీరో సంగతీ అంతే. మెరిసే దుస్తుల్లో మబ్బుల్లో ఎగిరేవాడిని చూపించడం ఒక ఎత్తయితే, చెమటా, మట్టీ, నెత్తురూ అంటుకున్న సూపర్ హీరోని మన వీధిలో నిలబెట్టడం పది ఎత్తులు. ఆ వీధి మనకి తెలుసు కాబట్టి!

"మరి నా బెలూన్ సంగతేమిటి?" అన్నాను.

"అదే అన్నా, బరువు" అన్నాడు.

బస్సు చేతికి తగలగానే ముందు భాగం కిందికి కుంగాలి. వెనక చక్రాలు లేవాలి. లోపలి ప్రయాణికులు ముందుకి తూలాలి. హీరో బూట్లు వెనక్కి జారాలి, జారిన చోట తారు లేవాలి. దుమ్ము వెంటనే లేవకూడదు, ఒక్క క్షణం ఆగి లేవాలి. అద్దం పగిలితే ముక్కలు ముందుకే పోవాలి. ఇవన్నీ సరిగ్గా కుదిరితే ప్రేక్షకుడు 'అబ్బ!' అంటాడు. ఒక్కటి తప్పినా 'గ్రాఫిక్స్' అంటాడు. ఏది తప్పిందో అతనికి తెలియదు. కంటికి మాత్రం తెలుస్తుంది. పుట్టినప్పటి నుంచి బరువులు పడడం చూస్తున్న కన్ను అది. దాన్ని మోసం చెయ్యడం అంత తేలిక కాదు.

ఆ పైన రెండరింగ్ అని ఒకటి ఉంది. అంటే చేసిన బస్సు మీద వెలుగునీడలన్నీ లెక్కకట్టి యంత్రం ఒక్కో బొమ్మనీ పూర్తి చెయ్యడం. ఒక్క ఫ్రేముకి 2 గంటలు పట్టిందనుకోండి. 120 ఫ్రేములకి 240 గంటలు. ఒక్క యంత్రమే అయితే సరిగ్గా 10 రోజులు, 5 సెకన్లకి! అందుకే పెద్ద స్టూడియోల్లో వందల యంత్రాలు వరసగా పనిచేస్తాయి. చివరికి అన్నీ ఒకచోట కలిపి, చీకటి ఎంత నలుపో, దూరం ఎంత మసకో సరిచూసి ఒకే బొమ్మగా అతకడం ఇంకో పని. అక్కడ కూడా కొందరు రాత్రుళ్ళు కూర్చుంటారు.

వింటుంటే నాకు పాత రోజులు గుర్తొచ్చాయి. నేను చూసిన రోజులు కావులెండి, సినిమాల్లో చూసిన రోజులు! 'మాయాబజార్' (1957)లో ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతటవే ఎగిరివచ్చాయి. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ చేతిలో కంప్యూటర్ లేదు. కెమెరా, వెలుగు, లెక్క, ఓర్పు... అంతే! 'సీతారామ కల్యాణం' (1961)లో రావణుడి పది తలల్ని రవికాంత్ నగాయిచ్ ట్రిక్ ఫోటోగ్రఫీతో చూపించారు. అప్పటి మాయకీ ఇప్పటి మాయకీ తేడా పనిముట్లలోనే గానీ ఓర్పులో కాదు.

సూపర్ హీరోలు కూడా మనకి కొత్తేం కాదు. 1980లోనే ఎన్.టి. రామారావు గారితో వి. మధుసూదనరావు గారు 'సూపర్ మేన్' తీశారు. చిన్నప్పుడు టీవీలో చూసి, ఇంట్లో దుప్పటి మెడకి కట్టుకుని మంచం మీంచి దూకిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ చిత్రంలో హీరోకి శక్తులిచ్చింది హనుమంతుడే! అంతకు రెండేళ్ళ ముందు, 1978లో, హాలీవుడ్ 'సూపర్ మేన్' వచ్చింది. అందులో మనిషి ఎగురుతున్నాడని నమ్మించడానికి జోరాన్ పెరిసిక్ అనే ఆయన ఒక ఉపాయం కనిపెట్టాడు. నటుడు ఒకచోటే ఉంటాడు. అతని వెనక తెరమీద ఆకాశం బొమ్మ వేసే ప్రొజెక్టరుకీ, తీసే కెమెరాకీ రెండింటికీ జూమ్ లెన్సులు పెట్టి ఒకేసారి కదిలించాడు. వెనక బొమ్మ పరిమాణం మారదు, మనిషి మాత్రం మనవైపు దూసుకొస్తున్నట్టు కనిపిస్తాడు. ఎంత చక్కటి మాయ!

మాసిన సూపర్ హీరోల కథ వేరు. 'ద డార్క్ నైట్' (2008)లో అంత పొడుగు లారీ పల్టీ కొట్టింది చూడండి, అది కంప్యూటర్ లారీ కాదు. షికాగో నడివీధిలో నిజంగా తిప్పేశారు. నిజమైన బరువు ఒక్కచోట ఉంటే, చుట్టూ ఉన్న అబద్ధాలని కూడా కన్ను నమ్ముతుంది. 'ద బ్యాట్‌మన్' (2022)కి రాత్రీ వానా తోడున్నాయి. ఆ చీకట్లో అతుకులు దాగిపోతాయి. "మనకి ఆ సుఖం లేదన్నా, మన హీరో ఎండల కొట్లాడుతడు" అన్నాడు మా కుర్రాడు. 'హనుమాన్' సంగతి అది.

2024 జనవరి 12న వచ్చిన ప్రశాంత్ వర్మ 'హనుమాన్' మీరంతా చూసే ఉంటారు. అదే రోజు మహేష్ బాబు 'గుంటూరు కారం' కూడా విడుదలైంది. మన ఊళ్ళో ఈ చిన్న సినిమాకి హాళ్ళు దొరకడమే గగనమైపోయింది. అంజనాద్రి అనే ఊళ్ళో చిల్లర దొంగతనాలు చేసుకునే హనుమంతుకి సముద్రంలో రుధిరమణి దొరుకుతుంది. వెలుగు పడితేనే ఆ మణికి శక్తి. రాత్రయితే తేజ సజ్జా మళ్ళీ మామూలు కుర్రాడే! కథకి అది బాగుంది. గ్రాఫిక్స్ వాళ్ళకి మాత్రం పరీక్షే. బలం చూపించే సన్నివేశాలన్నీ పట్టపగలే. దాక్కోవడానికి చీకటి లేదు. ఈ చిత్రాన్ని మొదట 2023 మే 12న విడుదల చేస్తామన్నారు. టీజర్‌తో జనం ఆశలు పెరిగాక ఆ తేదీ వదులుకుని, చేతిపనికి ఇంకో ఎనిమిది నెలలు ఇచ్చారు. ఆ నెలలే తెరమీద కనిపించాయని నా నమ్మకం. 2025లో ప్రకటించిన 71వ జాతీయ చలనచిత్ర అవార్డుల్లో యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్ విభాగంలో ఉత్తమ చిత్రం అదే. నిర్మాత, దర్శకుడితో పాటు వి.ఎఫ్.ఎక్స్. చూసిన జెట్టి వెంకట్ కుమార్ పేరు కూడా ఆ జాబితాలో ఉంది.

అంతకుముందు దారి వేసినవాళ్ళనీ తలుచుకోవాలి. 'అమ్మోరు' (1995), ఏళ్ళ తరబడి చెక్కి 2004లో విడుదల చేసిన 'అంజి'... రెండూ కోడి రామకృష్ణ గారివే. 'అంజి'కి స్పెషల్ ఎఫెక్ట్స్ జాతీయ అవార్డు వచ్చింది. 2012లో రాజమౌళి 'ఈగ'. ఆ ఈగ కూడా నా లెక్కలో సూపర్ హీరోయే, వీపున దుప్పటి లేదంతే! ఒళ్ళెలా ఉంటుందో దగ్గరగా చూడ్డానికి నిజం ఈగని సీసాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, మత్తుగా పడున్నప్పుడు ఫోటోలు తీశారట. ఆ పనికి మన హైదరాబాద్ 'మకుట' సంస్థకి జాతీయ అవార్డు దక్కింది.

ఇవన్నీ గెలిచిన కథలు. మరి మా కుర్రాడి కథ?

ఆ బెలూన్ షాట్ గురించి చివరికి చెప్పాడు. ఏ సినిమా, ఏ సంస్థ అని నేను రాయను. అతనూ చెప్పొద్దన్నాడు. చిత్రీకరణలో హీరోని పచ్చటి తెర ముందు తాళ్ళకి వేలాడదీసి తీశారు. వెలుగు కొలిచే గుండు తెచ్చినవాడు లేడు. నేపథ్యం మొదట పగలన్నారు, తర్వాత సాయంత్రమన్నారు. విడుదలకి మూడు వారాల ముందు రాత్రి అన్నారు. ఎగరడం ఒకవైపు, దిగడం ఇంకోవైపు మార్చారు. ప్రతిసారీ పని మొదటికొచ్చింది. 'ఇన్ని షాట్లకి ఇంత' అని ముందే ఒప్పుకున్న డబ్బు మాత్రం మారలేదు. దిగినప్పుడు నేల అదిరే దుమ్ము చెయ్యాల్సిన మనిషికి మిగిలింది రెండు రోజులు. "దుమ్ము లేకుంటే బరువు ఉండదన్నా. అందుకే బెలూన్" అన్నాడు.

ఇది మన ఊరి బాధ మాత్రమే అనుకుంటే పొరపాటు. 'లైఫ్ ఆఫ్ పై' (2012)లో ఆ పులిని చూశారుగా! దాన్ని సృష్టించిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థకి మన హైదరాబాద్‌లో కూడా స్టూడియో ఉండేది. 2013 ఫిబ్రవరిలో ఆ సంస్థ దివాలా పిటిషన్ వేసింది. రెండు వారాలు తిరక్కుండానే అదే పులికి ఆస్కార్ వచ్చింది! వేదికమీద బిల్ వెస్టెన్‌హోఫర్ తన సంస్థ కష్టాల గురించి మాట్లాడబోతే సంగీతం వాయించి, మైకు ఆపేశారు. బయట వీధిలో వి.ఎఫ్.ఎక్స్. పనివాళ్ళు నిరసన తెలుపుతున్నారు. మొన్నటికి మొన్న 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ సంస్థ కుప్పకూలింది. బెంగళూరు, ముంబయిలలో పనిచేస్తున్నవాళ్ళు ఉన్నట్టుండి రోడ్డుమీద పడ్డారు. ప్రపంచంలో ఏ మూల సూపర్ హీరో ఎగిరినా, కింద తాడు పట్టుకున్న చేతులు ఇలాగే ఉన్నాయి.

ఇప్పుడు రోటో పనిని కృత్రిమ మేధ కూడా చేస్తోంది. మనిషిని గుర్తుపట్టి, తనే గీత గీసేస్తోంది. "భయం లేదా?" అని అడిగాను. "ఉన్నది. అందుకే కంపోజిటింగ్ నేర్చుకుంటున్న. గీత మిషిన్ గీస్తదేమో గానీ, దుమ్ము ఎప్పుడు లేవాలో మనిషే చూడాలె" అన్నాడు. అవునో కాదో కాలం చెబుతుంది. నాకు మాత్రం అతని మాట మీదే నమ్మకం ఉంచాలనిపించింది.

మొన్న ఆదివారం ఇద్దరం క్రాస్ రోడ్స్‌లో ఒక హాలుకి వెళ్ళాం. అతను పనిచేసిన కొత్త సినిమా. అతని షాట్ వచ్చినప్పుడు మోచేత్తో పొడిచాడు. హీరో మేడమీంచి దూకి వీధిలో దిగాడు. నేల కుంగింది. ఒక్క క్షణం ఆగి దుమ్ము లేచింది. నా ముందు వరసలో ఓ పిల్లాడు 'అబ్బ!' అన్నాడు. మా కుర్రాడు తెరని చూడ్డం మానేసి ఆ పిల్లాణ్ణే చూస్తూ కూర్చున్నాడు.

సినిమా అయిపోయింది. పేర్లు పైకి వెళ్ళడం మొదలైంది. జనం లేచారు. మేమిద్దరం కూర్చున్నాం. నటీనటులు, ఫైట్లు, డాన్సులు... ఇంకా వి.ఎఫ్.ఎక్స్. పేర్లు రానేలేదు, హాల్లో లైట్లు వేసేశారు. తలుపులు బార్లా తెరిచారు. చీపురు పట్టుకున్న మనిషి వచ్చి "లేవండి సార్, మళ్ళీ ఆటకి టైమయింది" అన్నాడు. అతనిదీ ఉద్యోగమే. తెర తెల్లబడింది.

"మీ ఇంటోళ్ళకి చూపించడానికి ఫోటో తీద్దామనుకున్నావా?" అన్నాను. జేబులోంచి సగం తీసిన ఫోన్ మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "ఉంటదన్నా, మూడో వరసలో ఏడో పేరు. ఓటీటీల వచ్చినప్పుడు ఆపి చూపిస్తా" అన్నాడు.

కాబట్టి మిత్రులారా, ఈ వారం మీకు నాదొక చిన్న మనవి. బాగాలేని గ్రాఫిక్స్‌ని బాగాలేదనే అనండి. టిక్కెట్టు కొన్న మనకి ఆ హక్కుంది. నేనూ అంటాను. కానీ 'నవ్వొస్తుంది' అని రాసేముందు, ఆ దుమ్ముకి రెండు రోజులే ఇచ్చినవాళ్ళెవరో కూడా అడుగుతాను. మీరు మాత్రం ఈసారి సినిమా నచ్చితే రెండు నిమిషాలు సీట్లో ఉండండి. పార్కింగులో బండి ఎక్కడికీ పోదు. మీరు కూర్చుంటే హాలువాళ్ళు లైట్లు కాస్త ఆలస్యంగా వేస్తారు. ఆ ఆలస్యంలో మూడో వరసలో ఏడో పేరు ఎవరిదో పైకి వెళుతుంది.

అన్నట్టు, ఇది రాస్తుంటే రాత్రి రెండయింది. మేడమీద కిటికీలో నీలం వెలుగు ఇంకా ఉంది. చాయ్ తీసుకుని పైకి వెళ్తున్నాను. వచ్చే వారం మళ్ళీ కలుద్దాం!